దుప్పటి కప్పని శుక్రవారం

శుక్రవారం సాయంత్రం ఐదున్నర కాగానే ఫెబా వాళ్ల ముందుగదిలో మూడు పనులు వరసగా జరిగేవి. మడతమంచం గోడకు ఆనించడం, చాపలు పరచడం, కంప్యూటరు మీద దుప్పటి కప్పడం. మూడో పని తల్లి మార్తమ్మది. నీలంపూల పాత దుప్పటి అది. ఉతికి ఉతికి నూలు లేచిపోయింది. తెరనూ, పక్కనున్న నల్లడబ్బానూ, బల్లకాళ్లనూ కలిపి ఆమె ఎంత నిండుగా కప్పేదంటే, కొత్తగా వచ్చినవాళ్లు లోపల కుట్టుమిషను ఉందనుకునేవాళ్లు. ఒకరిద్దరు జాకెట్లు కుడతారా అని అడిగారు కూడా. మార్తమ్మ కుట్టేది లేదంది గాని, మిషను లేదని చెప్పలేదు.

ఆరు గంటలకు ఇంటికూటం. కాలనీలోని చర్చి సంఘస్థులు పదిహేను ఇరవైమంది వచ్చి కీర్తనలు పాడి, ప్రార్థన చేసి, టీ తాగి వెళతారు. మొదట్లో వారానికో ఇంట్లో జరిగేది. తండ్రి యిర్మియా ఊపిరాడక మెట్లెక్కలేని స్థితికి వచ్చాక, ఆయన కోసమని రెండేళ్లుగా ఈ క్వార్టర్లోనే పెడుతున్నారు. ఆ గౌరవానికి తగినట్టు ఇల్లు కనబడాలని మార్తమ్మ పట్టుదల. పెళ్లి చెడి తిరిగొచ్చిన కూతురు ఇంట్లో ఉందని అందరికీ తెలుసు. ఆ కూతురు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని తుపాకుల ఆట ఆడుతుందని కూడా తెలియాల్సిన పనిలేదు.

మిగతా రోజుల్లోనూ దుప్పటికి పని ఉండేది. మధ్యాహ్నం దగ్గరి ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో బ్లాస్టింగ్ జరిగి కిటికీలు గలగలమన్నాక, కాసేపటికి బల్లల మీద, గిన్నెల మీద, ఆరేసిన బట్టల మీద సన్నటి నల్లపొడి వాలేది. కంప్యూటరు మీద వాలకుండా దుప్పటి. ఒక్కోసారి ఆటకు సంబంధించిన పెద్ద ఫైలేదో గంటల తరబడి దిగుతూ ఉండేది. ఫెబా దాన్ని ఆపకుండా డ్యూటీకి పోయేది. కూటం వేళ కూడా అట్లాగే వదిలేసేది. దుప్పటి కింద ఫ్యాను గుర్రుమనే చప్పుడు కీర్తనల్లో కలిసిపోయేది.

ఫెబాకు ముప్పై నాలుగేళ్లు. గోదావరిఖని దగ్గరి ఒక భూగర్భ గనిలో ల్యాంప్‌రూం పని. షిఫ్టుకు దిగే ప్రతి మనిషీ కిటికీ దగ్గర తన నంబరు బిళ్ల ఇచ్చి, అదే నంబరు తలదీపం తీసుకుంటాడు. పైకొచ్చాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకుంటాడు. షిఫ్టు అయిపోయాక కొక్కేనికి బిళ్ల మిగిలిందంటే ఒక మనిషి ఇంకా కింద ఉన్నట్టు. బిళ్ల మిగిలితే ఫెబా కదలదు. ఫోన్ల మీద ఫోన్లు చేసి, ఆ మనిషి ఎక్కడున్నాడో తేల్చాకే సంచీ భుజానికి తగిలించుకుంటుంది. ఆమెతో పని చేసేవాళ్లకు ఇది విసుగు. కిందకు దిగేవాళ్లకు మాత్రం కిటికీలో ఆమె కనబడితే కొంచెం నిశ్చింత.

ఆ ఉద్యోగం తండ్రి ఊపిరితిత్తుల మీదుగా వచ్చింది. యిర్మియా ముప్పై ఒక్క ఏళ్లు గనిలో గాలి పని చేశాడు. బొగ్గు తీసే చోటికి మంచిగాలి మళ్లించడానికి సొరంగాల్లో మందపాటి గుడ్డ పరదాలు కట్టడం, తలుపులు చూసుకోవడం ఆయన పని. డాక్టర్లు ఇక పనికి పనికిరాడని రాసినప్పుడు ఇంట్లో ఒకరికి ఉద్యోగం వచ్చే వీలు కలిగింది. కొడుకు ఆరోన్ అప్పుడు హైదరాబాదులో సెల్‌ఫోన్ల షోరూంలో ఉన్నాడు. మెడలో టై కట్టుకునే పని. మసిపని తనవల్ల కాదన్నాడు. ఫెబా సంతకం పెట్టింది. రెండేళ్లకు షోరూం మూతపడి, అతను గోదావరిఖనికి తిరిగొచ్చి ఇన్సూరెన్సు పాలసీలు అమ్మడం మొదలుపెట్టాడు. అప్పటినుంచీ చెల్లెలి ఉద్యోగం తాను అరువిచ్చిన వస్తువైనట్టు మాట్లాడతాడు.

కంప్యూటరు ఇంటికి వచ్చింది పరీక్ష కోసం. గుమస్తా పోస్టులకు డిపార్టుమెంటు పరీక్ష పెడితే, కంప్యూటరు నేర్చుకోవాలని లక్ష్మీనగర్లో జైపాల్ షాపులో వాడిన మిషను ఒకటి కొనుక్కుంది. పరీక్షలో నాలుగు మార్కులు తక్కువ పడ్డాయి. మిషనులో మాత్రం పాత యజమాని వదిలేసిన ఆట ఒకటి మిగిలింది. ఐదుగురు ఒకవైపు, ఐదుగురు ఒకవైపు. ఖాళీ గోదాముల్లో, మెట్లదారుల్లో ఒకరినొకరు వెతుక్కుని కాల్చుకోవడం. ఫెబా వేళ్లు అంత చురుకైనవి కావు. చెవులకు ఓపిక ఎక్కువ. ఎవరూ చూడని వెనకదారి పట్టుకుని కూర్చునేది. అడుగుల చప్పుడు విని, ఎంతమంది, ఎటునుంచి అని ముందే చెప్పేది. ఆరునెలల్లో ఆమె లేకుండా ఆడని జట్టు ఒకటి తయారైంది. మందమర్రిలో ఎలక్ట్రీషియన్ తిరుమల దానికి పెద్ద. మిగతా ముగ్గురు శ్రీరాంపూర్, రామకృష్ణాపూర్ వాళ్లు. అందరూ గనుల మనుషులే. వారం మొదట్లో ఎవరిది ఏ షిఫ్టో రాసుకుని, ఐదుగురికీ కలిసొచ్చే రెండు గంటలు వెతుక్కునేవాళ్లు.

ఆ వేసవిలో మంచిర్యాలలో పోటీలు పెడుతున్నారని తెలిసి జట్టు పేరిచ్చింది. మొదటి రెండు రౌండ్లు ఎవరి ఇంటినుంచి వాళ్లు ఆడాలి. సరిగ్గా అప్పుడే ఫెబా కంప్యూటరు మొరాయించింది. నడుస్తున్నంతసేపు బాగానే నడిచేది. ఇద్దరు ముగ్గురు ఒక్కసారి ఎదురుపడి కాల్పులు మొదలైతే చాలు, తెర ఆగిపోయేది. రెప్ప వేసి తెరిచేంత సేపే. తెరిచేసరికి ఆమె చచ్చి పడి ఉండేది. మూడు సాయంత్రాలు వరసగా అలాగే జరిగాక తిరుమల ఫోన్ చేశాడు. మొదట వాళ్లింటి సంగతులు చెప్పాడు, యిర్మియా దగ్గు గురించి అడిగాడు. తరువాత నసిగాడు.

“అక్కా, నిన్ను తీసేసుడు నాకు ఇష్టం లేదు. కానీ ఇంక మూడు వారాలే ఉన్నది. ప్రాసెసర్ మార్చుకుంటవా, ఏందన్నది చెప్పు. లేకుంటే తక్కినోళ్లు వేరేటోన్ని చూద్దామంటున్నరు.”

ఆమె తప్పు పట్టలేదు. వెలగని దీపంతో మనిషిని కిందికి పంపకూడదని ఆమెకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

జైపాల్ ఆమె కన్నా పదేళ్లు చిన్నవాడు. మాట తొందర, చెయ్యి నెమ్మది. ఆమె చెప్పింది విని, మిషనుకు మెదడులాంటి ప్రాసెసరు నాలుగు కోర్లదేనని, ముసలిదైపోయిందని, ఇప్పటి ఆటలకు చాలదని అన్నాడు. కొత్తది వేయాలంటే దాన్ని పెట్టే బోర్డు మారాలి, బోర్డు మారితే మెమరీ మారాలి, మొత్తం ఇరవై ఆరువేలు. ఫెబా దగ్గరున్నది ఎనిమిది వేలు. తిరుమల ఫోన్ చేశాక రెండు ఆదివారాలు మందిరం మానేసి డ్యూటీ చేసి పక్కకు పెట్టినవి. ఆ విషయంలో తల్లి ఇంకా సరిగా మాట్లాడటం లేదు. వేరే దారి లేదా అని ఆమె అడిగింది. జైపాల్ తల గోక్కుని, ఉన్న బోర్డులోనే కూర్చునే ఆరు కోర్ల ప్రాసెసరు ఒకటి వారంలో వస్తుందన్నాడు. కరీంనగర్లో మూతపడిన నెట్ సెంటరుది. ఐదున్నర వేలు. వాడినదే. గ్యారంటీ లేదు, వారం రోజులు ఆడి చూసి నచ్చకపోతే వాపసు.

అయితే ముందు తప్పు నిజంగా ప్రాసెసరుదేనా అన్నది తేల్చుకోమన్నాడు. ఆటలో బొమ్మ నాణ్యత అట్టడుగుకు తగ్గించి ఆడాలి. అప్పుడు వేగం పెరిగితే బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డుది తప్పు, పెరగకపోతే ప్రాసెసరుది. ఫెబా ఆ సాయంత్రం అలాగే చేసి చూసింది. మనుషులు మట్టిబొమ్మల్లా, గోడలు అట్టముక్కల్లా అయ్యాయి. వేగం పెరగలేదు. కాల్పులు మొదలవగానే మళ్లీ అదే ఆగడం. తప్పు ప్రాసెసరుదే అని నోట్‌బుక్కులో రాసుకుంది. ల్యాంప్‌రూంలో దీపం మసకబారితే ముందు బ్యాటరీ మార్చదు ఆమె. తీగల కొసలు తుడిచి చూస్తుంది. ఇంట్లో మాత్రం ఆ అలవాటు గుర్తుకు రాలేదు.

ఆదివారం మందిరం నుంచి ఆరోన్ నేరుగా ఇక్కడికే భోజనానికి వచ్చాడు. సంగతి మార్తమ్మ ముందే చెప్పినట్టుంది. చెయ్యి కడుక్కుని మంచం మీద కూర్చుని, ఈసారి కోపం లేకుండా మాట్లాడాడు. తన అత్తగారి తరఫు వాళ్లు ఈ సంఘంలోనే ఉన్నారని, ఇంట్లో ఆ ఆట సంగతి నలుగురి నోళ్లలో పడితే తనకు తలకొట్టేసినట్టు ఉంటుందని అన్నాడు. అయినా చెల్లెలి మనసు కష్టపెట్టడం తనకిష్టం లేదు. తన బిడ్డ వచ్చే ఏడు పదోతరగతి. ఇరవై ఆరువేలలో సగం తానిస్తాడు. కంప్యూటరు ఇక్కడే ఉంటుంది. బిడ్డ సాయంత్రం వచ్చి ఓ గంట చదువుకుంటుంది. మిగతా వేళంతా ఫెబా ఇష్టం.

“నువ్వు చెప్పాల్సింది ఒక్కటే మాట. పిల్ల సదువుకు కొన్నం అని. ఇంకేం లేదు.”

మార్తమ్మ మొహం విచ్చుకుంది. ఆ ఒక్క మాటతో దుప్పటి అవసరం కూడా తీరిపోతుంది. ఫెబా ఆలోచించి చెప్తానంది. నిజంగానే ఆలోచించింది. మూడు రోజులు ల్యాంప్‌రూంలో దీపాలు ఛార్జింగుకు పెడుతూ ఆ మాటను నోట్లో తిప్పి చూసుకుంది. మా అన్న బిడ్డ సదువుకు. నున్నగానే వచ్చింది. కొత్త బోర్డు, కొత్త మెమరీ, నాలుగైదేళ్లదాకా మళ్లీ చూసుకోనక్కరలేని మిషను. తన సగంలో తక్కువపడే ఐదువేలు వచ్చే జీతంలో సర్దుకోవచ్చు. ఇచ్చేది ఒక అబద్ధం. అది కూడా ఎవరికీ నష్టం లేనిది.

కాని ఇలాంటి మాట ఒకటి ఆమెకు ముందే అలవాటు. భర్తను వదిలి వచ్చిన కొత్తలో, అల్లుడు దుబాయ్ పోయాడని మార్తమ్మ కాలనీ అంతా చెప్పింది. చెప్పింది తల్లి, మోసింది ఫెబా. నీళ్ల ట్యాంకరు దగ్గర ఫోన్ చేస్తున్నాడా అని అడిగితే చేస్తున్నాడనాలి. అక్కడ ఎండలు ఎట్లున్నాయంటే ఎక్కువే అనాలి. పండక్కి రాలేదేమంటే సెలవు దొరకలేదనాలి. ఏడాదిపాటు లేని మనిషిని లేని దేశంలో పోషించింది. చివరికి నిజం బయటపడ్డప్పుడు ఎవరూ ఆశ్చర్యపోలేదు. అందరికీ ముందే తెలుసట. ఆమె అదే మాట తడబడకుండా చెబుతుందో లేదోనని వినడానికే అడిగేవాళ్లట.

మంగళవారం సాయంత్రం ఆమె ఆడుతుండగా యిర్మియా గోడ పట్టుకుని వచ్చి వెనక కుర్చీలో కూర్చున్నాడు. ఆయనకు ఆట అర్థం కాదు. కూతురు దేన్నో శ్రద్ధగా వింటుంటే చూడటం ఇష్టం. ఆ రోజు మాత్రం ఆయన తెరను చూడలేదు. నల్లడబ్బా మీద అరచెయ్యి పెట్టి, వెంటనే తీసేశాడు.

“దీనికి గాలి ఎటుకెల్లి పోతది, ఎటుకెల్లి వస్తది?”

ముందునుంచి లోపలికి, వెనకనుంచి బయటికని ఆమె చెప్పింది. ఆయన వంటింట్లోకి పోయి, దోమలచుట్ట ముక్క వెలిగించి తెచ్చాడు. గనిలో గాలి కదలిక అనుమానంగా ఉన్నచోట గుప్పెడు సున్నపుపొడి వదిలి, అది ఎటు కొట్టుకుపోతుందో చూసేవాళ్లు. ఇక్కడ పొగ. చుట్టను డబ్బా ముందు పట్టుకున్నాడు. పొగ లోపలికి పోలేదు. ముందుభాగం మీద పాకి, తీరిగ్గా పైకి లేచిపోయింది. వెనక పట్టుకున్నాడు. ఊదినట్టు చెదరాల్సిన పొగ కదలకుండా నిలబడింది.

“బాయిల గిట్లుంటే పని బంద్ పెట్టి మనుషులను పైకి పంపుతం, బిడ్డా. నువ్వేమో దీన్ని ఉరికిస్తున్నవు.”

ఫెబా ప్లగ్గు పీకి, స్క్రూలు విప్పింది. ముందు జాలీ వెనక ఒక గుడ్డముక్క అతికించి ఉందేమో అనుకుంది. గుడ్డ కాదు. దుప్పటినుంచి లేచిన నీలం నూలు, దానికి పట్టుకున్న బొగ్గుపొడి, రెండూ కలిసి కంబళిలా పేరుకున్నాయి. అంచు పట్టుకుని లాగితే ఒకే పొరగా ఊడొచ్చింది. ప్రాసెసరు మీది ఇనుపరెక్కల మధ్య కూడా అదే. లోపల ఎంత వేడి ఉందో చూపించే అంకె ఒకటి తెరమీద ఓ మూల ఉంటుంది. అది నెలరోజులుగా తొంభై ఏడు చూపిస్తోంది. ఇక్కడి ఎండలకు మనిషే నలభై ఆరులో ఉడుకుతాడు, మిషనుకు అంత సహజమే అనుకుంది ఆమె. వేడెక్కిన ప్రాసెసరు కాలిపోకుండా తనంతట తాను నెమ్మదిస్తుందని జైపాల్ ఫోనులో చెప్పాడు. ఈ సంగతి మొదట తనే అడగాల్సిందని కూడా ఒప్పుకున్నాడు.

ఆ నీలం పొరను ఆమె పేపరు మీద పెట్టి తల్లికి చూపించింది. మార్తమ్మ దాన్ని చాలాసేపు చూసి, తీసుకుపోయి చెత్తబుట్టలో వేసింది.

శుభ్రం చేశాక వేడి డెబ్బై రెండు దగ్గర నిలిచింది. ఆట సగం బాగుపడింది. ఇద్దరు ఎదురుపడితే ఆగడం లేదు. ఐదుగురూ ఒకచోట గుమిగూడితే మాత్రం ఇంకా తడబడుతోంది. చాలా నయమని తిరుమల అన్నాడు, కాని సరిపోతుందని అనలేదు. మార్తమ్మకు అది చాలు. మిషను బాగైంది కాబట్టి ఇక కొనేది లేదని, అన్న మాటకు ఒప్పుకునే అవసరమూ తప్పిందని, దేవుడే దారి చూపించాడని ఆమె తేల్చేసింది. ఫెబా మాత్రం నోట్‌బుక్కులో అంతకుముందు రాసుకున్నది కొట్టేసి, మళ్లీ పరీక్ష చేసింది. చల్లని మిషను మీద, బొమ్మ నాణ్యత తగ్గించి, ఐదుగురు గుమిగూడే చోట. వేగం మళ్లీ పెరగలేదు. ఇప్పుడు ఆగుతున్నది వేడివల్ల కాదు. నాలుగు కోర్ల బలం అంతే. ఇరవై ఆరువేల పని కాదు, ఐదున్నర వేల పని. ఆ రెంటికీ తేడా ఆమెకిప్పుడు స్పష్టంగా కనబడింది.

బుధవారం జవాబు కోసం ఆరోన్ వచ్చాడు. వాడిన ప్రాసెసరు కొంటున్నానని, తన డబ్బుతో కొంటున్నానని, అన్న ఏమీ ఇవ్వనక్కర లేదని ఆమె చెప్పింది. అతనికి మొదట అర్థం కాలేదు. మంచి మిషను సగం ధరకు వస్తుంటే ఎవరో వాడి వదిలేసిన దాన్ని కొనుక్కునే మనిషిని అతను చూడలేదు.

“పిల్ల సదువుకు అని చెప్తే నీ నోరేమన్న అరుగుతదా?”

“దుబాయ్ అని చెప్పి ఏడాది అరిగింది. ఇంక అరగదు.”

“నవ్వుతరే. ముప్పై నాలుగేండ్ల ఆడిది ఆటలాడుతదని నవ్వుతరు.”

“నవ్వనియ్యి.”

ఆరోన్ లేచి నిలబడ్డాడు. ఎప్పుడూ చివరికి తీసే మాటే తీశాడు. “ఆ నౌకరి నాకు రావాల్సింది. గా సంగతి యాదుంచుకో.”

ఫెబా కూడా లేచింది. గొంతు పెంచలేదు. “నీకే వచ్చింది గద అన్నా. నీ ముంగటికొచ్చి నిలబడ్డది. మసిపని నేను చెయ్య అన్నవు. నేను చేస్తున్న. పొద్దుమాపు చేస్తున్న. చేసిన పైసలతోని ఆడుకుంట. పిల్ల సదువుకు రావాల్నంటే రమ్మను, కూసోబెట్టి నేర్పుత. దాని పేరు మాత్రం వాడుకోను.”

లోపలి గదిలో యిర్మియా దగ్గు ఆగింది. ఆయన వింటున్నాడని ఇద్దరికీ తెలిసింది. ఆరోన్ చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

గురువారం ఆమె జైపాల్ దగ్గర ప్రాసెసరు తీసుకుంది. గోళీల డబ్బా అంత ప్లాస్టిక్ పెట్టె, అందులో అరంగుళం మందం కూడా లేని చదరపు బిళ్ల, అడుగున వందల కొద్దీ సన్నటి బంగారురంగు సూదులు. మూడు వందలిస్తే తానే బిగించి ఇస్తానన్నాడు జైపాల్. ఎట్లా బిగించాలో చెప్పమంది ఆమె. అతను చెప్పాడు, ఆమె రాసుకుంది. పాత ప్రాసెసరు తీయకముందే బోర్డులోకి కొత్త సాఫ్ట్‌వేరు ఎక్కించాలి, లేకపోతే బోర్డు కొత్తదాన్ని గుర్తుపట్టదు. అది ఎక్కుతున్న పది నిమిషాలు కరెంటు పోకూడదు. పోతే బోర్డు చచ్చినట్టే. ఆ మాట జైపాల్ రెండుసార్లు చెప్పాడు.

శుక్రవారం మొదటి షిఫ్టు. మూడింటికి డ్యూటీ దిగాల్సిన ఫెబా నాలుగున్నర దాకా కదలలేదు. కొక్కేనికి ఒక బిళ్ల మిగిలింది. ఆ మనిషి పైకొచ్చి, దీపం ఇవ్వకుండా క్యాంటీన్లో కూర్చుని ముచ్చట పెట్టాడని తేలేసరికి ఆ వేళయింది. ఇల్లు చేరేసరికి ఐదు. శనివారం పొద్దంతా లైను పనికి కరెంటు తీస్తారని కాలనీలో చెప్పారు. ఆదివారం పోటీలో మొదటి రౌండు. అందుకని అన్నం కూడా తినకుండా కూర్చుంది. పెన్‌డ్రైవులో ఫైలు మొదటిసారి సరిగా దిగలేదు. రెండోసారి దింపి, మొదలుపెట్టేసరికి ఆరుకు ఐదు నిమిషాలుంది. తెరమీద తెల్లగీత ఒకటి, దాని పక్కన అంకె. రెండు శాతం.

మార్తమ్మ దుప్పటి పట్టుకుని వచ్చింది.

“కప్పొద్దు అవ్వా. బంద్ చెయ్యొద్దు, ముట్టొద్దు. పది నిమిషాలు.”

మార్తమ్మ గుమ్మంవైపు చూసింది. అప్పటికే చెప్పుల చప్పుడు. మొదట వచ్చింది డెబోరా టీచర్. కాలనీ బడిలో ముప్పై ఏళ్లు చెప్పి రిటైరయింది. ఫెబాకు లెక్కలు చెప్పింది కూడా ఆమే. ఆమె వెనక ఇంకో పదిమంది, వాళ్ల వెనక ఆరోన్. మామూలుగా ఆరోన్ కూటానికి రాడు. ఈ శుక్రవారం వచ్చాడు. చాప మీద కూర్చోబోతూ అందరి కళ్లూ మూలనున్న వెలుగు మీదే ఆగాయి. రెండేళ్లుగా కుట్టుమిషను అనుకున్నది కంప్యూటరై కూర్చుంది. దాని పక్కన విప్పిన డబ్బా, స్క్రూలు, ఒక టార్చి.

ఇదేందని డెబోరా టీచర్ అడిగింది. మార్తమ్మ ఆరోన్ మొహం చూసి, మనుమరాలి సదువుకని చెప్పడం మొదలుపెట్టింది. మాట సగంలో ఉండగానే ఫెబా అందుకుంది.

“కాదు టీచర్. నాదే. నేను ఆడుకోవడానికి.”

ఒకామె పక్కామె వైపు చూసింది. దుప్పటి చేతుల్లో పట్టుకుని నిలబడిన మార్తమ్మకు దాన్ని ఎక్కడ పెట్టాలో తోచలేదు. చాప చాలక గచ్చు మీద కూర్చోబోతున్నవాళ్లను ఆపి, దాన్ని వాళ్ల కింద పరిచింది.

పాస్టరు అయ్యగారు ఇంకా రాలేదు. ఆయన వచ్చేలోపల ఎవరెవరికి ఏ ప్రార్థన కావాలో అడిగి పుస్తకంలో రాయడం డెబోరా టీచర్ పని. ఒకరికి మోకాళ్లు. ఒకరి కొడుక్కి పోటీపరీక్ష. ఒకరికి శ్రీరాంపూర్ బదిలీ ఆగిపోవాలి. ఇంతలో బయట గాలి లేచింది. వేపచెట్టు కొమ్మలు రేకుల మీద రాసుకున్నాయి, ఎక్కడో తలుపు కొట్టుకుంది. బల్బు ఒకసారి మసకబారి మళ్లీ వెలిగింది. ఫెబా తెరవైపు తిరిగింది. తెల్లగీత ఆగలేదు. నలభై మూడు.

ఆమె వంతు వచ్చింది. ప్రతి శుక్రవారం ఆమె చెప్పేది ఒకటే, బాపు ఆరోగ్యం కోసమని. టీచర్ అదే రాయడానికి పెన్ను ఆనించింది కూడా.

“ఇంకో ఆరు నిమిషాలు కరెంటు పోకుండ ప్రార్థన చెయ్యండ్రి.”

వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. ఆరోన్ తల దించుకున్నాడు. పరిహాసమా అని డెబోరా టీచర్ కళ్లద్దాల మీదుగా ఆమెను చూసింది. బడిలో తప్పు లెక్క చేసినప్పుడు చూసే చూపే. పోతే ఏమవుతుందని అడిగింది. బోర్డు పాడవుతుందని, మళ్లీ కొనే శక్తి తనకు లేదని, ఆదివారం జట్టులో చోటు పోతుందని ఫెబా చెప్పింది. పరిహాసం కాదని టీచర్‌కు అర్థమైంది. పుస్తకంలో ఏడో నంబరు వేసి రాసుకుంది. రాసేటప్పుడు ఆట అన్న మాట రాసిందో లేదో ఫెబాకు కనబడలేదు.

యిర్మియా అప్పటిదాకా గోడకు చేరగిలబడి ఉన్నాడు. తన వంతు వచ్చినప్పుడు ఊపిరి కూడదీసుకుని ఒక్క ముక్క అన్నాడు.

“నాది గూడ అదే, టీచర్.”

అయ్యగారు వచ్చి కీర్తన ఎత్తుకున్నారు. తరువాత పుస్తకం చూసి వరసగా ప్రార్థన మొదలుపెట్టారు. మోకాళ్లయ్యాయి. పరీక్ష అయింది. శ్రీరాంపూర్ బదిలీ దగ్గర ఉండగా కంప్యూటరు ఒక్కసారి కూత పెట్టి, ఆగి, మళ్లీ లేచింది. ఫ్యాను గట్టిగా తిరిగింది. అందరూ కళ్లు మూసుకుని ఉన్నారు. ఫెబా తెరిచి చూసింది. తెల్లగీత లేదు. పని అయిపోయింది. ఆ సంగతి తెలియని అయ్యగారు ఏడో నంబరుకు వచ్చి, చదివి, కొంచెం తడబడి, ఈ ఇంట్లో కరెంటు నిలకడగా ఉండాలని కూడా అడిగారు. అందరితోపాటు ఫెబా ఆమేన్ అంది.

టీలు వచ్చేసరికి ఆరోన్ వెళ్లిపోయాడు. మామూలుగా అయితే అందరూ వెళ్లేదాకా ఆగేది ఫెబా. ఈసారి ఆగలేదు. ప్లగ్గు పీకి, డబ్బాను బల్ల మీద పడుకోబెట్టి, రాసుకున్న కాగితం పక్కన పెట్టుకుంది. ప్రాసెసరు మీద బిగించిన ఫ్యానును ఒక్కసారిగా పైకి లాగకూడదు. వేడిమీద ఉండగానే అటూ ఇటూ మెల్లగా తిప్పాలి, లేదంటే ప్రాసెసరు దానికి అంటుకుని ఊడొస్తుంది. తిప్పింది. అది వదులైంది. పాతదాన్ని తీసి పేపరు మీద పెట్టింది. కొత్తదాన్ని అంచులు పట్టుకుని ఎత్తి, మూలనున్న చిన్న ముక్కోణం గుర్తు బోర్డు మీది గుర్తుకు ఎదురుగా వచ్చేదాకా తిప్పి, వదిలింది. నొక్కలేదు. అది తన బరువుతో తానే దిగి కూర్చుంది.

టీ గ్లాసులు పట్టుకుని నలుగురైదుగురు చుట్టూ చేరారు. దుప్పటి మీద కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే మెడలు చాచారు. డెబోరా టీచర్ దగ్గరగా వంగి చూసింది.

“గెలిస్తే పైసలిస్తరా?”

“మేం గెలిచేకాడికి ఏమియ్యరు టీచర్.”

“మరెందుకే ఇంత తిప్పలు?”

ఫెబా సన్నటి ఇనుపకడ్డీని కిందికి నొక్కి కొక్కేనికి తగిలించింది. బిళ్ల మధ్యలో వేడిని ఫ్యానుకు చేరవేసే పేస్టు బియ్యపుగింజంత పెట్టి, ఫ్యాను బిగించి, ప్లగ్గు గుచ్చింది.

“ఆట బాగుంటది” అంది, మీట నొక్కుతూ.

యిర్మియా గోడ పట్టుకుని లేచి వచ్చి, డబ్బా వెనక అరచెయ్యి పెట్టాడు. గాలి వస్తోంది.